బొటనవేలి తాడు

విమానాశ్రయాల్లో నిద్రపోవడం మీద ఎవరైనా పరీక్ష పెడితే నేను మొదటి తరగతిలో పాసవుతాను. విమానంలో మాత్రం ఇంతవరకు మొదటి తరగతి ఎక్కలేదు. మా కంపెనీవాళ్లు నాకు కొనేది ఎప్పుడూ చవక టికెట్టే. చవక టికెట్టంటే ఒక విమానానికీ ఇంకో విమానానికీ నడుమ అయిదారు గంటలు ఖాళీగా వదిలేసేది. ఆ అయిదారు గంటలు ఏం చేశావని ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుతున్నాను, పడుకున్నాను.

మేడ్చల్ దగ్గర గుండ్లపోచంపల్లిలో, మందుబిళ్లలను అట్టల్లో పేర్చే యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. యంత్రం కొన్నవాళ్ల ఊరికి వెళ్లి, దాన్ని నడపడం అక్కడి పనివాళ్లకు నేర్పి రావడం నా పని. కార్డు మీద నా ఉద్యోగం పేరు రెండు వరుసలు పడుతుంది. మా అమ్మ మాత్రం చుట్టుపక్కల వాళ్లకు ఒక్క ముక్కలో చెప్పేస్తుంది, "మా పెద్దబిడ్డ గోలీల మిషన్ల మీద తిరుగుతది" అని. తిరుగుతాననేంత వరకు నిజమే.

కొన్నేళ్ల కిందట బ్యాంకువాళ్లు ఒక కార్డిచ్చి, ఇది చూపిస్తే విమానాశ్రయంలోని లాంజిలోకి పోవచ్చన్నారు. లాంజంటే లంచ్ పెట్టే చోటని అనుకున్నాను. పెడతారు కూడా. కానీ అందరూ పళ్లేల వైపు నడుస్తుంటే నా కాళ్లు పడుకునే మూల వైపు నడిచేవి. లాంజి కుర్చీలు చేసేవాళ్లకు, మనిషి ఎక్కడ పడుకుంటాడోనన్న భయం లోపల ఉంటుందనుకుంటాను. అందుకే రెండు సీట్ల మధ్య ఒక చెయ్యి పెడతారు. వాటి మీద మన చేతులు ఆనించుకోవాలట. నాకు మాత్రం అవి అడ్డం పెట్టిన చేతుల్లాగే కనబడతాయి.

ఇన్నేళ్లలో నాకు కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. ఏసీ గాలి తిన్నగా మీద పడే చోట కూర్చోకూడదు, లేచేసరికి మెడ ఒక వైపే చూస్తూ ఉండిపోతుంది. చార్జింగ్ ప్లగ్గు దగ్గర వద్దు, ఫోన్ల ఆకలి తీర్చుకునేవాళ్లు వంగి వంగి మన ఒళ్లోకి వస్తారు. టీవీ కింద వద్దు. అన్నిటికంటే ముఖ్యం, కాఫీ మిషన్ పక్కన అస్సలు వద్దు. అది గింజలు నూరే చప్పుడుకు రాయి కూడా మేలుకుంటుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది స్తంభం వెనక మూల. వీపుకు గోడ, పక్కకు స్తంభం, ఎదురుగా సందు. ఏ ఊరి లాంజికి వెళ్లినా నేను మొదట వెతికేది ఆ స్తంభాన్నే. భక్తప్రహ్లాదుడి తరువాత స్తంభం మీద అంత నమ్మకం పెట్టుకున్నది నేనే అయ్యుంటాను.

ఇదంతా నా తెలివి అనుకునేదాన్ని. కాదు. ఈ విద్య నాకు శామీర్‌పేట చెరువు కట్ట మీద అబ్బింది.

మాది చేపలు పట్టే ఇల్లు. చేప, చాప, కాళ్లు చాపుకునే జాగా, ఈ మూడుంటే మనిషికి ఇంకేం గావాలని మా అవ్వ అనేది. మొదటి రెండూ మా ఇంట్లో ఎప్పుడూ ఉండేవి. మూడోదానికే కొంచెం కరువు. బాపు, అంటే మా నాన్న, చెరువులో వలలు వేసేవాడు. వేసిన వలలను రాత్రిపూట కాయకపోతే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. చేపలు పట్టేవాళ్ల సంఘంలోని వాళ్లంతా వంతులు వేసుకుని కావలి ఉండాలన్నది మాట. ఎవరికి వంతు కుదరకపోయినా బాపు పోయేవాడు. చివరికి వంతులే లేకుండా పోయి కావలి మొత్తం ఆయన నెత్తిన పడింది. ఊరంతా పడుకుంటే ఆయన మేలుకునేవాడు. తెల్లారాక వలలు ఎత్తి, చేపలు గంపలో వేసి అమ్మకిచ్చేవాడు. అమ్మ చౌరస్తాలో కూర్చుని అమ్మేది. ఎండ నెత్తికెక్కే వేళకు గంప ఖాళీ చేసుకుని కట్ట మీదికి వచ్చి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసేది. అప్పుడు పడుకునేవాడు బాపు. ఆయనకు అదే రాత్రి.

వేసవి సెలవుల్లో నేనూ కట్ట మీదే ఉండేదాన్ని. రోజుకొక చోట పడుకునేవాళ్లం. ఒకసారి తుమ్మచెట్టు నీడ, ఒకసారి తూము పక్కన గోడ నీడ. తువ్వాల పరిచేముందు బాపు నడుం మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ చూసేవాడు.

"మూడు సూస్కోవాలె బిడ్డా," అనేవాడు. "గాలి ఎటుకెళ్లి వస్తాంది, చీమ ఎటుకెళ్లి వస్తాంది, మనిషి ఎటుకెళ్లి వస్తాండు. గీ మూడు తెలిస్తే యాడ పండినా ఇల్లే."

పగటిపూట తూము దగ్గర చిన్న వల ఒకటి వేసి ఉంచేవాడు. దాని నైలాన్ తాడును కట్ట మీదికి తెచ్చి, కొసను ఎడమకాలి బొటనవేలికి ముడివేసుకునేవాడు. పెద్ద చేప తగిలితే తాడు గుంజుతుంది, ఆయనకు మెలకువ వస్తుంది. గట్టిగా గుంజితే ఊడిపోయే ముడి అది. లేకపోతే చేపను బాపు పట్టడం పోయి, బాపును చేప పట్టేది. కుడికాలి బొటనవేలికి ఇంకో తాడు, దాని రెండో కొస నా కాలికి. నేను నిద్రలేచి నీళ్ల వైపు నడిస్తే ఆయనకు తెలియాలని. అలా ఒక కాలికి వల, ఒక కాలికి పిల్ల, రెండు వైపులా పట్టుబడిన మనిషి నడుమ వెల్లకిలా పడుకుని గురక పెట్టేవాడు. నేను మెసులుతున్నంతసేపూ తాడు మెసులుతూ ఉండేది. నేను నిద్రపోతే వదులయ్యేది. అప్పుడు బాపు ఒక కన్ను తెరిచి, పొయ్యి దగ్గర అమ్మ మేలుకునే ఉందా అని చూసుకుని, మళ్లీ కన్ను మూసేవాడట. ఇది అమ్మ చెప్పిన మాట.

ఇంకో మర్యాద ఉంది మా ఇంట్లో. పడుకున్న మనిషిని పేరు పెట్టి పిలిచి లేపరు, తట్టి లేపరు. చెరువు మీద బతికే మనిషి ఉలిక్కిపడి లేస్తే, తెప్ప మీద ఉన్నాననుకుని అడుగు తప్పు వేస్తాడని భయం. లేపక తప్పకపోతే కాలి తాడును మెల్లగా ఒకసారి గుంజాలి. లేదా లేచేదాకా ఆగాలి. బడికి ఆలస్యమైనా ఆగేవాళ్లు. నేను బడికి ఆలస్యంగా పోయిన రోజులన్నీ ఈ మర్యాద ఖాతాలోనివే.

ఉద్యోగంలో చేరాక, మొదటిసారి ఒక విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆగాల్సి వచ్చింది. ఒంటరి ఆడమనిషిని, ఒళ్లో కంపెనీ ల్యాప్‌టాప్. కన్ను మూయాలంటే భయం, మూయకుండా ఉండాలంటే కష్టం. పెట్టెకు చుట్టిన నైలాన్ తాడు విప్పి, ఒక కొస బ్యాగుకూ ఒక కొస కాలి బొటనవేలికీ కట్టుకున్నాను. మీద చున్నీ కప్పాను. అప్పటి నుంచి ఆ తాడు నా బ్యాగులోనే ఉంది. ఒకసారి శంషాబాద్‌లో నేల తుడిచే ఆమె బ్యాగును కొంచెం పక్కకు జరిపింది. దానితో పాటు నా కాలూ జరిగింది.

"ఏందమ్మ, బ్యాగును కాలికి గట్టినవ్. పారిపోతదా?" అంది ఆమె.

"దానికి ఆ అలవాటున్నదక్కా," అన్నాను.

"మా ఇంటాయనకు గూడున్నది. గింత తాడు నాకియ్యి," అని నవ్వుతూ వెళ్లిపోయింది.

బాపు తెప్ప దిగింది కంటి పొర వల్ల. నీళ్లేవో, నీళ్లలో కనబడే మబ్బేదో తేడా తెలియడం లేదని ఒకరోజు తనే చెప్పి, వలలు సంఘంలో వాళ్లకు ఇచ్చేశాడు. అమ్మనూ ఆయననూ గుండ్లపోచంపల్లిలో మేముండే ఫ్లాటుకు తెచ్చుకున్నాం. మూడో అంతస్తు, బాల్కనీలో గాలి, కొత్త పరుపు. గాలి ఎటు నుంచి వస్తుందో తెలుసు. చీమలు అంత పైకి రావు. మనుషులు వచ్చేది లిఫ్టులో నుంచే. బాపు లెక్క ప్రకారం మూడూ సరిపోయాయి. నిద్ర మాత్రం రాలేదు.

పరుపు మీద ఇటు దొర్లి, అటు దొర్లి, లేచేవాడు. తలుపు గడియ చూసేవాడు, గ్యాసు చూసేవాడు, బాల్కనీలోకి పోయి కింద నిలబెట్టిన బండ్లను చూసేవాడు. మధ్యాహ్నమైనా పడుకొమ్మంటే, ఆ వేళకు మేమందరం పనులకు పోయి ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. అమ్మ ఒక కునుకు తీసేది. బాపు ఆమె పక్కన కుర్చీలో కూర్చునేవాడు.

"నువ్ పండవు, నన్ను పండనియ్యవు," అని అమ్మ విసుక్కునేది. "నీ నిద్రను సెరువుల ఇడిసిపెట్టొచ్చినవా ఏంది?"

"ఏమో. వలల వడ్డదేమో. మల్ల దొరుకుతదేమో సూద్దాం," అనేవాడు.

నవ్వులాటగానే ఉండేది గానీ నవ్వే సంగతి కాదు. నిద్ర లేక బీపీ ఎక్కి కూర్చుంది. బీపీ దిగితే తప్ప కంటి ఆపరేషన్ చేయనన్నాడు డాక్టరు. ఒకసారి తేదీ ఇచ్చి వెనక్కి పంపాడు. రెండోసారీ అంతే. మూడో తేదీ ఇస్తూ, ఈసారి కూడా దిగకపోతే ఇక ఇప్పట్లో మాట్లాడుకోవద్దన్నాడు. పొర ముదురుతోంది. బాపు అన్నం పళ్లెంలో కూర ఎటుందో వేళ్లతో తడిమి చూసుకునే దాకా వచ్చింది.

"ముందు ఆయనకు నిద్ర పట్టేటట్టు చూడండి," అన్నాడు డాక్టరు. యాభై ఏళ్లు చేపలు పట్టిన మనిషికి నిద్ర పట్టించడం ఎలాగో మాకెవరికీ తెలియలేదు. వేడి పాలు ఇచ్చాం. తలకు నూనె రాశాం. అరికాళ్లు ఒత్తాం. చివరికి డాక్టరు బిళ్లలు రాసిచ్చాడు. ఆ అట్టను చూడగానే గుర్తుపట్టాను, మా కంపెనీ యంత్రం మీద తయారైన అట్ట అది. ఒక్కో బిళ్లకు ఒక్కో గుంట, మీద వెండి దుప్పటి. అంత సుఖంగా పడుకున్న బిళ్లలు మా బాపును మాత్రం పడుకోబెట్టలేకపోయాయి. మత్తుగా కూర్చుని ఉండేవాడు, అంతే.

అట్లా ఉన్నప్పుడే పూణెలో చెల్లెలికి రెండో కాన్పు, ఆడపిల్ల. అమ్మ ముందే వెళ్లి అక్కడే ఉంది. ఇరవై ఒకటో రోజున తొట్లె, అంటే పాపను మొదటిసారి ఊయలలో వేసే వేడుక. దానికి ముందురోజు నేనూ బాపూ బయల్దేరాం. ఆయనకు విమానం అదే మొదలు. డాక్టరిచ్చిన మూడో తేదీకి ఇంకా రెండు వారాలుంది. నా మనసంతా దాని మీదే. ఒక్క పూటైనా పడుకుంటే, పడుకోగలడన్న నమ్మకం వస్తే, మిగిలింది చూసుకోవచ్చు అనుకుంటున్నాను.

శంషాబాద్ చేరేసరికి, పూణెలో వాన, పొద్దుటి విమానం మధ్యాహ్నానికి గానీ లేదన్నారు. బాపును లాంజికి తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషమే అయింది. నా విద్య చూపించుకునే రోజు వచ్చింది.

తెల్ల పంచె, భుజాన తువ్వాల, చేతిలో తాడు చుట్టిన సంచి. తలుపు దగ్గర నిలబడి బాపు లోపలంతా పరికించాడు.

"గింత పెద్దగున్నది, మంచం ఒక్కటి లేదేంది బిడ్డా?"

"ఇది పండేటందుకు గాదు బాపు, కూసునేటందుకు."

"మరి నువ్ గీడ్నే పండుతనంటివి?"

"దొంగతనంగ."

"కావలోని కడుపుల దొంగ వుట్టింది," అన్నాడు నవ్వుతూ.

నా స్తంభం మూలకు తీసుకెళ్లి, ఇల్లు చూపించే దళారీలాగా దాని గుణాలన్నీ వర్ణించాను. వీపుకు గోడ, పక్కకు స్తంభం, చప్పుడు లేదు. బాపు కూర్చోలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ చూశాడు, కట్ట మీద చూసినట్టే.

"గిది పండే జాగ గాదు. దొంగలు దాక్కునే జాగ," అన్నాడు. "ఈడికెళ్లి ఒక్క మనిషి గూడ గనవడడు."

"కనబడకపోతేనే మంచిది గదా."

"ఊకో. గా జాగ సూడు, మస్తుగున్నది."

ఆయన చూపించిన చోటు కాఫీ మిషన్‌కూ వంటగది తలుపుకూ మధ్యన ఉంది. చేతులు లేని పొడుగు సోఫా ఒకటి, ఎవరికీ పనికిరాక ఖాళీగా పడి ఉంది. అటూ ఇటూ పళ్లేలు మోసేవాళ్లు, కప్పులు కడిగే చప్పుడు, పెట్టెల చక్రాల చప్పుడు. నా నియమాలన్నీ ఒక్కచోట కొట్టుకుపోయే జాగా అది.

"ఆడ లొల్లి బాపు."

"లొల్లి ఉండనియ్యి."

కూర్చున్నాడు. చెప్పులు విడిచి సోఫా కిందికి నెట్టాడు. సంచికి చుట్టిన తాడు విప్పి, ఒక కొస కాలి బొటనవేలికి ముడివేసుకున్నాడు. చూపు మసకైనా ఆ ముడి ఆయన వేళ్లకు వచ్చు. రెండో కొస నా చేతిలో పెట్టాడు.

"ఇమానం అచ్చినంక ఒక్క గుంజు గుంజు. పిలువకు."

"పండుతవా?"

"సూద్దాం."

పళ్లేలు తీసే అమ్మాయి ఒకతి ఆగి చూసింది. ఇరవై ఏళ్లుంటాయేమో. "మేడమ్, అంకుల్ కాలికి ఏదో చుట్టుకుంది," అంది.

"చుట్టుకోలేదమ్మా, చుట్టుకున్నాడు," అన్నాను. సంగతి చెప్పాను.

ఆమె యాస మారిపోయింది. "మాది దుండిగల్ మేడమ్. మా తాత గూడ గట్లనే మ్యాకను కాలికి గట్టుకోని పండేటోడు. గా మ్యాక ఒకపారి తాతను రోడ్డు దాక గుంజుకవోయింది," అంది. బాపు కళ్లు మూసుకునే నవ్వాడు.

నేను పక్క కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. కాఫీ మిషన్ గింజలు నూరింది. వంటగదిలో ఏదో గిన్నె జారి పడింది. అటు చూసి, ఇటు తిరిగేసరికి, మిషన్ ఆగింది గానీ నూరుతున్న చప్పుడు ఆగలేదు. అది బాపు గురక.

నేను ఆ చప్పుడు విని రెండేళ్లు దాటింది. కదిలితే ఎక్కడ పోతుందోనని కదలకుండా కూర్చున్నాను. కొంతసేపటికి అమ్మకు ఫోన్ చేసి మెల్లగా చెప్పాను, "పండిండు."

"ఎవలు?"

"బాపు."

"ఏమైందే? పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నడమ్మా. గురక వెడుతుండు."

"ఫోను జర దగ్గర వెట్టు," అంది అమ్మ. పెట్టాను. ఎంతసేపు విన్నదో తెలియదు. నేను ఫోను చెవికి తెచ్చుకునేసరికి, "సరే, ఇగ ముట్టకు ఆయన్ను," అని పెట్టేసింది.

గంటన్నర దాటింది. మా విమానానికి మనుషులను ఎక్కిస్తున్నారని తెర మీద పడింది. మైకులో చెప్పారు. తాడు నా చేతిలోనే ఉంది. ఒక్క గుంజు చాలు.

గుంజలేకపోయాను. గుంజితే విమానం దొరుకుతుంది, నిద్ర పోతుంది. విమానం సాయంత్రం ఇంకొకటి ఉంది. ఈ నిద్ర మళ్లీ ఉందో లేదో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. అయినా కష్టపడి సంపాదించిన జీతంతో కొన్న టికెట్లు, కాబట్టి పూర్తిగా వదులుకోవడానికి మనసు రాలేదు. ఇంకో పది నిమిషాలు చూద్దాం, అప్పుడు గుంజి ఉరుకుదాం అనుకున్నాను. ఆ పది నిమిషాలు తాడు పట్టుకుని కావలి కూర్చున్నాను. కావలి కాసేవాడి బిడ్డను కదా, నాకు చేతనవుతుందనే అనుకున్నాను. కానీ ఎవరో కాస్తుంటే పడుకోవడమే తప్ప, కాయడం నేనెప్పుడూ నేర్చుకోలేదు.

కళ్లు తెరిచేసరికి మెడ ఒక వైపుకు వాలి ఉంది. బాపు సోఫా మీద నిటారుగా కూర్చుని, వచ్చేపోయేవాళ్లను చూస్తున్నాడు. తాడు ఆయన కాలికి లేదు. కిందికి చూసుకున్నాను. నా బొటనవేలికి ఉంది. రెండో కొస ఆయన అరచేతికి చుట్టి ఉంది.

"బాపు, టైమెంత?"

"నాకేమెరుక. గా గడియారం నాకు చందమామ లెక్క గనవడ్తాంది."

"విమానం?"

"పోయింది," అన్నాడు, మేడ్చల్ బస్సు పోయిందన్నట్టుగా.

"పిలువలేదా మనల్ని?"

"మస్తుసార్లు పిల్చిన్రు. నీ పేరు, నా పేరు మైకుల జెప్పిన్రు. ఈ పిల్ల గూడ ఉరికొచ్చింది పాపం."

దుండిగల్ అమ్మాయి పళ్లేలు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ముఖంలో భయం కనబడింది. "నేను లేపవోయిన మేడమ్. తాతనే ముట్టనియ్యలే. పండిన మనిషిని లేపద్దు బిడ్డా, నీళ్లల్ల వడ్తది అన్నడు. ఈడ నీళ్లెక్కడియి తాతా అంటె ఇనలే."

"మరి తాడన్న గుంజవలసింది గద బాపు."

"గుంజుదామనే పట్టుకున్న. మల్ల అనిపిచ్చింది, ఇంకో పది నిమిషాలు పండని అని."

"నువ్వెప్పుడు లేచినవ్?" అన్నాను.

"నీ చెయ్యి వదులైనప్పుడే. తాడు సల్లవడ్డది. అహా, బిడ్డ పండిందనుకున్న." తాడును మడిచి చుట్టడం మొదలుపెట్టాడు, వల తాడు చుట్టినట్టే, మోచేతికీ అరచేతికీ మధ్య. "ఇద్దరం పంటె ఎట్లనే? ఒకలన్న మేల్కోవాలె గద."

నవ్వుతూనే లేచి కౌంటర్ వైపు నడిచాను గానీ, ఆ మాట నా వెంటే వచ్చింది. సాయంత్రం విమానంలో సీట్లు అడుగుతున్నప్పుడు కూడా దాన్నే తిప్పి తిప్పి చూస్తున్నాను. రెండేళ్లుగా మేం ఆయనకు నిశ్శబ్దం తెచ్చిపెడుతున్నాం. రాత్రి అందరం దీపాలార్పి పడుకుని, నువ్వూ పడుకో అంటున్నాం. మధ్యాహ్నం ఇల్లంతా ఖాళీ చేసి, అమ్మను పక్కన నిద్రపుచ్చి, నువ్వూ పడుకో అంటున్నాం. అందరూ పడుకున్న చోట ఆయన ఎన్నడు పడుకున్నాడని? పొయ్యి మండుతూ, గంటె కదులుతూ, ఎవరో ఒకరు మేలుకుని ఉన్నప్పుడే కదా కట్ట మీద ఆయనకు కన్ను మూతపడింది. ఆ సోఫాను ఆయన ఎంచుకున్నది చప్పుడును ఓర్చుకుని కాదు, చప్పుడును చూసే. ఆయన చెప్పిన మూడింటిలో మనిషి ఎటు నుంచి వస్తున్నాడన్న మూడోదాన్ని నేను ఇన్నేళ్లూ తప్పుగా అర్థం చేసుకున్నాను. మనిషి రాని చోటు వెతుక్కోవాలని కాబోలు అనుకున్నాను.

తొట్లెకు అందుకున్నాం. బాపు పాపను కంటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని చూసి, "మొకమంత తెల్లగ గనవడ్తాంది. ముక్కున్నదా దీనికి?" అని అడిగి చెల్లెలి చేత తిట్లు తిన్నాడు. అమ్మతో నేను విషయమంతా చెప్పాను. ఆమె తొట్లె ఊపుతూ, "నేను పక్కన పంటె నిద్ర వస్తదనుకున్న గదనే ముసలోనికి," అంది. ఆ రాత్రి పాపను ఆడించడానికి బాపు మేలుకుని ఉన్నాడు. చెల్లెలు మాత్రం కాన్పయ్యాక మొదటిసారి కంటినిండా పడుకుంది.

ఇంటికి వచ్చాక అమ్మ రంగంలోకి దిగింది. బాపు మంచం హాల్లో వంటగది గుమ్మం పక్కకు వచ్చింది. మధ్యాహ్నం తన కునుకు మానేసి, పొద్దున సీరియల్ వేళకు మార్చుకుంది. ఒంటిగంట కాగానే బాపు నడుం వాలుస్తాడు. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది, పచ్చడి మిక్సీలో వేస్తుంది, కుక్కర్ పెడుతుంది, కింది అంతస్తు ఆమెను పిలిచి కబుర్లు చెబుతుంది. పనేమీ లేకపోతే కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంది. మొదటి రెండు రోజులు ఊరికే పడుకుని పైకప్పు చూశాడట. మూడో రోజు కుక్కర్ రెండో కూతకు గురక అందుకుందట. ఒకసారి నేను సెలవు రోజున, పాపం పడుకున్నాడు కదా అని మిక్సీ ఆపబోయాను. అమ్మ కోప్పడింది.

"ఆపకు. లేస్తడు."

రాత్రుళ్లు ఆయన ఇప్పటికీ గడియ చూస్తాడు, కింద బండ్లు చూస్తాడు. మేము ఏమీ అనం. మూడో తేదీకి వెళ్లినప్పుడు డాక్టరు బీపీ చూసి, మళ్లీ చూసి, "ఏం చేశారమ్మా?" అని అమ్మను అడిగాడు.

"లొల్లి జేసినం సారు," అంది అమ్మ.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడు చెల్లెలు ఫోనులో పాపను చూపించింది. బాపు ఫోనును దూరంగా పట్టుకుని చాలాసేపు చూసి, "ఉన్నది ముక్కు," అన్నాడు.

చెరువు మీదికి మళ్లీ పోలేదు. ఎప్పుడన్నా ఆదివారం నేను బండి మీద కట్ట దాకా తీసుకెళితే, నీళ్లను చూసి, ఇప్పుడు వలలు వేస్తున్న వాళ్లకు వాళ్లడగని సలహా ఒకటి చెప్పి వస్తాడు. తూము పక్కన గోడ నీడ ఇంకా అంతే ఉంది. దాని కింద ఇప్పుడెవరూ పడుకోవడం లేదు. ఆ వైపు వెళ్లినప్పుడల్లా నా కుడికాలి బొటనవేలు నన్నడగకుండానే కొంచెం ముడుచుకుంటుంది.

నా ఊర్లు తిరగడం మాత్రం ఆగలేదు. మొన్న ఒక లాంజిలో మళ్లీ అయిదు గంటలు పడ్డాయి. పాత అలవాటున స్తంభం వెనకకు పోయాను. గోడ ఉంది, చప్పుడు లేదు, ఒక్క మనిషి కనబడడు. తాడు కట్టుకుని కళ్లు మూసుకున్నాను. రాలేదు. లేచి వెళ్లి కాఫీ మిషన్ పక్కన కూర్చున్నాను. అక్కడా రాలేదు. చప్పుడు చేసేవాళ్లలో నా మనిషి ఒక్కరూ లేరు.

ఒంటిగంటన్నర అయింది. ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది. ఏమీ మాట్లాడలేదు. మాట్లాడదని నాకు తెలుసు. ఫోనును మెల్లగా మంచం పక్క స్టూలు మీద పెట్టిన చప్పుడు వినబడింది. తరువాత ఆమె అడుగులు వంటగది వైపు వెళ్లాయి. కొళాయి తిరిగింది. గంటె గిన్నెను తాకింది. వాటి మధ్యలో, సన్నగా, గింజలు నూరుతున్నట్టు బాపు.

ఫోనును చెవి కింద పెట్టుకుని, చున్నీ ముఖం మీదికి లాక్కున్నాను. అమ్మ మేలుకునే ఉంది.